నందిగామ నుంచి చూసిన ఐరోపా
(ముందుమాట)

అయ్యదేవర కాళేశ్వరరావు గారి పేరు చెబితే జనానికి బెజవాడ వన్‌టౌన్‌లోని మార్కెట్టు గుర్తొస్తుంది. రాజకీయాలు తెలిసినవాళ్లు ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తొలి స్పీకరు అంటారు. 1881లో ఆయన పుట్టింది నందిగామలోనన్న సంగతి నందిగామలోనే చాలామందికి తెలియదు. ఇక ఆయన ఫ్రెంచి విప్లవం మీద, అమెరికా మీద, చీనా జపానుల మీద తెలుగులో గ్రంథాలు రాశారంటే, చరిత్ర ఎం.ఏ. చదివినవాళ్లు కూడా ‘నిజమేనా?’ అని అడుగుతారు. స్వాతంత్ర్య యోధుడిగా, శాసనసభాపతిగా ఆయనకు దక్కిన పేరు ఆయనలోని చరిత్ర రచయితను కప్పేసింది. ఆ రచయితను ఈ పుస్తకం మళ్లీ మన ముందుకు తెచ్చింది.

దీన్ని రాసిన అమ్మాయి నా దగ్గర చదువుకున్న పిల్ల. మునేటి ఒడ్డున ఒక పల్లె వాళ్లది. ఇప్పుడు తనే కాలేజీలో చరిత్ర చెబుతున్నది. శిష్యురాలి పుస్తకానికి గురువు రాసే ముందుమాటలో పొగడ్త ఉంటుందని చదివేవారు ముందే అనుకుంటారు. ఉంటుంది. పొగడవలసిన పని చేసింది కాబట్టే పొగుడుతున్నాను. ఒప్పుకోలేని చోట్లు రెండున్నాయి, వాటినీ ఇక్కడే చెబుతాను. అలా చెప్పకపోతే ఊరుకునే పిల్ల కాదు.

నేను జగ్గయ్యపేటలోనూ నందిగామలోనూ డిగ్రీ పిల్లలకు చెప్పిన పేపరు ‘ఆధునిక ఐరోపా చరిత్ర’. మిర్చి కోతలు ముమ్మరంగా ఉన్నప్పుడు సగం బెంచీలు ఖాళీగా ఉండేవి. వచ్చినవాళ్లు మొదటి రోజే అడిగేవారు: ‘మనకెందుకు సార్ ఈ ఫ్రాన్సు గొడవ?’ న్యాయమైన ప్రశ్న. పాఠ్యపుస్తకంలో దానికి జవాబు లేదు. పాఠ్యపుస్తకం వెర్సై రాజభవనం దగ్గర మొదలై వియన్నా సమావేశం దగ్గర ముగుస్తుంది. మధ్యలో పాలేరు గాని మునేరు గాని ఎక్కడా తగలదు.

అందుకని నేను జగ్గయ్యపేట నుంచే మొదలుపెట్టేవాణ్ణి. బేతవోలు గ్రామం దగ్గర పేట కట్టించి, తండ్రి జగ్గన్న పేరు పెట్టిన వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు 1783 నుంచి 1816 దాకా పాలించాడు. బాస్టీలు కోట కూలింది 1789లో, నెపోలియను వాటర్లూలో ఓడింది 1815లో. అంటే పారిసులో రాజు తల తెగిన రోజుల్లో మన మెట్ట సీమలో ఒక జమీందారు గుళ్లూ ఊళ్లూ కట్టిస్తున్నాడు. ఇంకొంచెం వెనక్కి వెళ్తే, 1753లో సలాబత్ జంగ్ ఫ్రెంచివారికి రాసిచ్చిన ఉత్తర సర్కారుల్లో కొండపల్లి సర్కారు కూడా ఉంది. ఐరోపాలో ఏడేళ్ల యుద్ధం 1756లో రాజుకుంది. దాని సెగ ఇక్కడికీ తగిలింది. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర, 1759 ఏప్రిల్‌లో బందరు కోటలో ఫ్రెంచివారు ఓడిపోయారు. ఆ రెండు దెబ్బలతో ఈ సీమ మీద వాళ్ల పెత్తనం పోయి ఇంగ్లీషువారి పెత్తనం వచ్చింది. బందరులో ఫ్రెంచిపేట ఇప్పటికీ ఉంది. కృష్ణా జిల్లాలో శిస్తు ఎవరికి కట్టాలో తేల్చినవి ఐరోపా రాజుల తగాదాలు. ఈ మాట చెప్పాక ‘మనకెందుకు’ అని మళ్లీ అడిగినవాళ్లు లేరు.

ఆ తరవాత పాఠం ఇంకా దగ్గరికి వచ్చేది. 1789 ఆగస్టు 4 రాత్రి ఫ్రెంచి జాతీయ సభ ప్రభువుల హక్కులను రద్దు చేసింది. ఆ తరవాత పట్టుమని పదిహేనేళ్లయినా కాకముందే, 1802లో, ఇంగ్లీషువారు మద్రాసు రాజధానిలో శాశ్వత శిస్తు నిర్ణయంతో జమీందారులను స్థిరపరిచారు. అక్కడ కూలగొట్టిన గోడను ఇక్కడ కొత్తగా కట్టారు. అది కూలడానికి మద్రాసు శాసనసభ 1948లో చట్టం చేసేదాకా ఆగవలసి వచ్చింది. ఫ్రెంచి రైతు బాధలు చెబుతూ ఉప్పు మీద గాబెల్ పన్ను, చర్చికి కట్టే దశమభాగం, ప్రభువు కోసం కూలి లేకుండా చేసే పని వివరిస్తుంటే, సరిహద్దు పల్లె నుంచి వచ్చే ఒక కుర్రవాడు లేచి నిలబడ్డాడు. ‘మా తాత నైజాంలో చేసిన వెట్టే కదండీ ఇది’ అన్నాడు. ఆ రోజు నేను మరి పాఠం చెప్పలేదు. వాడు చెప్పాడు, మిగతావాళ్లతో కలిసి నేనూ విన్నాను.

కాళేశ్వరరావు గారి పుస్తకాల విలువ నాకు ఇక్కడే తెలిసింది. నేను క్లాసులో ఏళ్ల తరబడి తడుముకుంటూ పట్టుకున్న దారిలో ఆయన మా తాతల కాలంలోనే నడిచారు. ఆయన నాలా చరిత్ర ఉపాధ్యాయులు కారు. బందరు నోబుల్ కాలేజీలో చదివి, రఘుపతి వెంకటరత్నం నాయుడు గారి ప్రభావంలో సంస్కరణ వైపు మళ్లి, బెజవాడలో వకీలుగా స్థిరపడ్డ మనిషి. సహాయ నిరాకరణ వచ్చినప్పుడు వకాల్తా వదిలేశారు. పలుమార్లు జైలుకు వెళ్లారు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అఖిల భారత కాంగ్రెస్ సంఘం బెజవాడలో సమావేశమై కోటి రూపాయల తిలక్ స్వరాజ్య నిధి, కోటిమంది సభ్యులు, ఇరవై లక్షల రాట్నాలు అని తీర్మానించిన కాలానికి ఆయన ఆ పట్నంలో ముందు వరస నాయకుడు. అంత తీరిక లేని మనిషి పరదేశాల చరిత్ర రాయడానికి కూర్చున్నారంటే దానికి బలమైన కారణమే ఉండాలి.

ఆ కారణం ఆయన ఎంచుకున్న దేశాల్లోనే కనబడుతుంది. ‘ఫ్రెంచి స్వాతంత్ర్య విజయము’, ‘అమెరికా సంయుక్త రాష్ట్రములు’, ‘చీనా - జపాను’. ఇవి కాక తురుష్క దేశం మీద, ఈజిప్టు మీద కూడా రాశారు. అమెరికా ఇంగ్లండుతోనే పోరాడి విడిపోయిన దేశం. ఫ్రాన్సు రాజును దించిన దేశం. జపాను 1905లో రష్యాను ఓడించి, ఐరోపా సేనలు అజేయం కావని ఆసియాకు చూపించిన దేశం. చీనా 1911 విప్లవంతో చక్రవర్తిని వదిలించుకుంది. ఈజిప్టు 1919లో ఇంగ్లీషువారి మీద తిరగబడి 1922లో పేరుకైనా స్వతంత్రం అనిపించుకుంది. తురుష్కం మొదటి ప్రపంచయుద్ధంలో ఓడి, ముక్కలై, మళ్లీ లేచి 1923లో రిపబ్లిక్కు అయింది. తురుష్క ఖలీఫా పక్షాన జరిగిన ఖిలాఫతు సభల్లో హిందువులూ ముస్లిములూ పక్కపక్కన కూర్చున్న రోజుల్లో బెజవాడ వీధిలో నడిచే మనిషికి ఇస్తాంబులు వార్త ఇంటి వార్త. పరాయి పాలనలో ఉన్నవాళ్లు ఏయే దేశాల కథ తెలుసుకోవాలో, ఆ దేశాల కథే ఆయన రాశారు.

ఆ గ్రంథాలను చర్చించిన అధ్యాయమే ఈ పుస్తకంలో నాకు అన్నిటికన్నా నచ్చింది. రచయిత్రి ఆ గ్రంథాలను విడిగా చదివి మెచ్చుకుని వదిలేయలేదు. అదే కాలపు కృష్ణా పత్రిక, ఆంధ్రపత్రిక పక్కన పెట్టుకుని చదివింది. తెలుగు పాఠకుడికి ఆ రోజున తురుష్కం గురించి ఏం తెలుసు, ఏం తెలియదు, ఏ వార్త ఎంత ఆలస్యంగా అందేది, ఏ పేరును ఎవరు ఎలా రాసేవారు అని వెతికింది. పాత పత్రికల కట్టలు విప్పి చూసినవాళ్లకు ఆ శ్రమ తెలుసు. కాగితం అంచులు వేలు తగిలితేనే పొడి అయి రాలతాయి. అచ్చు కొన్నిచోట్ల మసకబారి, కొన్నిచోట్ల అవతలి పుటలోని అక్షరం ఇవతలికి దిగి ఉంటుంది. ఒక్క పంక్తి నిర్ధారణ కోసం పూటంతా గడిచిపోతుంది. తను పంపిన రాతప్రతి అంచుల్లో పెన్సిలుతో ‘మళ్లీ చూడాలి’ అని రాసుకున్న చోట్లు నేను చూశాను. చూసి, తేలనిదాన్ని తీసేసిందే తప్ప ఊహతో పూడ్చలేదు. ఈ నిజాయితీ నేర్పితే వచ్చేది కాదు.

కాళేశ్వరరావు గారిని ఒంటరిగా చూపకపోవడం ఈ పుస్తకంలో ఇంకో మంచి సంగతి. పాత నందిగామ తాలూకాలోనే పెనుగంచిప్రోలు ఉంది. తిరుపతమ్మ తిరునాళ్లకు వెళ్లే లక్షలమందిలో ఎందరికి తెలుసో గాని, కొమర్రాజు లక్ష్మణరావు గారు 1877లో పుట్టిన ఊరు అది. ఆయన అక్క భండారు అచ్చమాంబ గారిదీ అదే ఊరు. ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’తో స్త్రీల చరిత్రకు తెలుగులో దారి వేసిన మనిషి ఆమె. మునగాల పరగణా నాలుగువైపులా నైజాం ఉన్నా, పాలనలో మాత్రం నందిగామ తాలూకాకు చెందిన తునక. ఆ మునగాల రాజా నాయని వెంకటరంగారావు గారి కొలువులో లక్ష్మణరావు గారు దివాను. ఆ అండతోనే 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పుట్టాయి. మండలి మొదటి పుస్తకం గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారి అబ్రహాం లింకను చరిత్ర. తెలుగువాడి చేతికి ఇవ్వదగ్గ మొదటి పుస్తకంగా అమెరికాలో బానిసత్వం తీసేసిన మనిషి జీవితాన్ని ఎంచుకున్నారంటే వాళ్ల చూపు ఎంత దూరం పోయిందో చూడండి. ఆ గాడిచర్ల గారే 1908లో బెజవాడ ‘స్వరాజ్య’ పత్రికలో రాసిన రాతకు జైలు పాలయ్యారు. చరిత్ర రాయడం, రాజకీయం వ్యాఖ్యానించడం, దానికి శిక్ష అనుభవించడం ఆ తరానికి మూడు వేరు వేరు పనులు కావు.

మునగాల గురించి రచయిత్రి ఇంకో మాట కూడా దాచకుండా రాసింది. పుస్తకాలకు అండగా నిలిచిన ఆ సంస్థానంలోనే 1930ల నుంచి రైతులు జమీందారీ మీద ఉద్యమించారు. విద్యకు దాతా, రైతుకు ప్రతివాదీ ఒక్క కోటలో ఉన్నారు. ఫ్రాన్సులో కూడా వోల్టేరును భోజనానికి పిలిచిన ప్రభువుల పొలాల్లోనే రైతులు కూలి లేకుండా పనిచేశారు. ఈ పోలిక తనది, నాది కాదు. నా క్లాసులో నాకు తట్టి ఉంటే బాగుండేదనిపించింది.

ఇక ఒప్పుకోలేని చోట్లు.

రాతప్రతిలో ఒకచోట కాళేశ్వరరావు గారిని ‘తెలుగులో తొలి ఆధునిక ఐరోపా చరిత్రకారుడు’ అని రాసింది. ఆ ‘తొలి’ తీసేయమని చెప్పాను. ముందొక పేరు దొరికిన రోజున ఆ ఒక్క మాటతో పుస్తకమంతా చులకనవుతుంది. అలాగే ఆయన్ని విశ్వవిద్యాలయ పండితులతో సమానంగా నిలబెట్టాలని తాపత్రయపడవలసిన పని లేదు. కట్టమంచి రామలింగారెడ్డి గారు కేంబ్రిడ్జిలో చరిత్ర చదివి, బరోడాలో, మైసూరులో బోధించి, 1926లో బెజవాడలో మొదలైన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతి అయ్యారు. మామిడిపూడి వెంకటరంగయ్య గారు జీవితమంతా రాజనీతి, చరిత్ర బోధిస్తూ, వర్తమాన రాజకీయాల మీద సామాన్యుడికి అర్థమయ్యేలా రాస్తూ, చివరకు ఆంధ్రలో స్వాతంత్ర్య సమర చరిత్రను నాలుగు సంపుటాలుగా కూర్చారు. వాళ్లది మూలాధారాలు తరచి చూసే శిక్షణ. కాళేశ్వరరావు గారిది మరో పని. ఆనాటి మనవాళ్లందరిలాగే ఆయనకూ ఐరోపా ఇంగ్లీషు పుస్తకాల కిటికీలోంచే కనిపించింది. ఆ కిటికీలోంచి చూసినదాన్ని ఇంగ్లీషు రాని రైతుకూ, షావుకారు కొట్టులో గుమాస్తాకూ, గ్రంథాలయంలో సాయంత్రం పూట కూర్చునే కుర్రవాడికీ అందించాలని ఆయన పట్టుదల. 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయం వచ్చింది. 1914లో అక్కడే తొలి ఆంధ్ర గ్రంథ భాండాగార ప్రతినిధుల మహాసభ జరిగింది. ఊరూరా చదువుకునే గదులు లేస్తున్న కాలం. ఆ గదుల్లో పెట్టడానికి పుస్తకాలు కావాలి. ఆయన రాసిపెట్టారు. ఆ పనికి పండితుడన్న బిరుదు అక్కర్లేదు.

రెండోది ఫ్రెంచి విప్లవం మీది అధ్యాయం. స్వరాజ్యోద్యమ కాలంలో రాసిన చరిత్రల్లో విజయం వైపు మొగ్గు ఉండటం సహజం. ఆశ పుట్టించడానికే వాటిని రాశారు. కాని ఈ రోజున రాసేవాళ్లకు ఆ వెసులుబాటు లేదు. 1793, 1794 సంవత్సరాల్లో విప్లవ న్యాయస్థానాలు దాదాపు 17,000 మందికి మరణశిక్ష వేశాయి. మానవ హక్కులు ప్రకటించిన ఫ్రాన్సే తన హైతీ వలసలో నల్లవాళ్లను బానిసలుగా ఉంచింది. వాళ్లు తిరగబడ్డాక 1794లో విముక్తి ఇచ్చింది. 1802లో నెపోలియను మళ్లీ బానిసత్వాన్ని తెచ్చాడు. హైతీ ప్రజలు ఫ్రెంచి సేననే ఓడించి 1804లో స్వతంత్రులయ్యారు. కాళేశ్వరరావు గారు వెతికిన దేశం, అంటే పరాయి పాలన నుంచి తన బలంతో బయటపడ్డ దేశం, నిజానికి ఫ్రాన్సుకన్నా హైతీయే. యానాంలో 1954 దాకా ఫ్రెంచి జెండా ఎగిరిన తెలుగునేల మనది. హక్కుల ప్రకటన చేసిన దేశం వలసల్లో ఏం చేసిందో అడిగే అధికారం మనకు బాగా ఉంది. ఆ ప్రశ్నకు ఈ పుస్తకంలో ఒక పుట చాలదు. ఒక అధ్యాయం కావాలి.

రాజకీయ వ్యాఖ్యాతగా ఆయన్ని చూసే చివరి భాగం రాయడం అన్నిటికన్నా కష్టం. తెలుగువాళ్లందరికీ ఒకే రాష్ట్రం కోరిన విశాలాంధ్ర మహాసభకు అధ్యక్షుడిగా పనిచేసిన మనిషి గురించి, రాష్ట్రం విడిపోయిన 2014 తరవాత రాయాలి. జగ్గయ్యపేట దాటి గరికపాడు చెక్‌పోస్టు దగ్గరికి వస్తే ఆ కలకు ఎక్కడ తెర పడిందో కనబడుతుంది. అవతలివైపు కోదాడ, ఇవతలివైపు మన పేట. చుట్టరికాలు రెండువైపులా ఉన్నాయి. ఇటువైపు ఊళ్లో కూర్చుని విశాలాంధ్ర మీద కన్నీళ్లు పెట్టడం తేలిక. అటువైపు ఊళ్లో కూర్చుని దాన్ని మోసమని తిట్టడమూ తేలికే. రచయిత్రి రెండూ చేయలేదు. ఇటలీ 1861లో, జర్మనీ 1871లో ఏకమైన చరిత్ర చదువుకున్న తరానికి ఒక భాష మాట్లాడే ప్రజలకు ఒకే రాష్ట్రం ఉండటం సహజ న్యాయంగా ఎందుకు తోచిందో చెప్పింది. ఆ ఏకీకరణల్లో దక్షిణ ఇటలీ రైతుకు ఏం మిగిలిందో కూడా చెప్పింది. అంతటితో ఆగింది. తెలంగాణ మిత్రులు ఈ భాగం చదివి ఏమంటారో తెలుసుకోవాలని నాకు ఆసక్తిగా ఉంది. వాళ్లు దీన్ని న్యాయంగా రాసిన రాత అనే అంటారని నా నమ్మకం.

1956 నుంచి 1962లో కన్నుమూసేదాకా ఆయన స్పీకరు. జీవితమంతా ఒక పక్షాన నిలబడి వాదించినవాడు రెండు పక్షాల మాటా వినవలసిన కుర్చీలో కూర్చున్నారు. ఆ రోజుల్లోనే, 1959లో, ఆయన ఆత్మకథ వెలువడింది. తన తరం గురించి తానే సాక్ష్యం చెప్పి వెళ్లారు. ఈ పుస్తకం ఆ సాక్ష్యాన్ని అడుగడుగునా వాడుకుంది, అవసరమైన చోట ఎదురు ప్రశ్న కూడా వేసింది. పెద్దవాళ్ల ఆత్మకథను ఇలా చదవాలి.

రాత్రి తొమ్మిదింటికి టీవీ చర్చల్లో విశ్లేషకులు మాట్లాడుతుంటే వింటాను. తెలివైనవాళ్లున్నారు, నిర్భయంగా మాట్లాడేవాళ్లున్నారు. వాళ్లలో చిన్నవాళ్లు ఈ పుస్తకం చదవాలని నా కోరిక. ఎవరు ఏ పార్టీలో చేరతారన్న మాటకు ముందు, ప్రజలు ఇలాంటి స్థితిలో ఇంతకు ముందు ఎక్కడ, ఎప్పుడు ఉన్నారో తెలుసుకుని మాట్లాడే పద్ధతి మన జిల్లాలోనే ఒకాయన పాటించారు. దానికి ఆయన చదివింది తన ఊరి నుంచి వేల మైళ్ల దూరాన ఉన్న దేశాల కథ. చదివినది తన ఊరివాళ్లకు పనికొచ్చేలా రాశారు. ఈ అమ్మాయీ అదే పని చేస్తున్నది కనుక నాకు ఇంత సంతోషం.

రెండో ముద్రణలో పాత నందిగామ తాలూకా పటం ఒకటి వేయించాలి. మునగాల పరగణా విడిగా ఎక్కడుందో పటం చూస్తే తప్ప ఈ తరం పిల్లలకు అర్థం కాదు. ఇప్పుడు జిల్లా కూడా మారి ఎన్టీఆర్ జిల్లా అయింది. పేరుల సూచిక ఇంకా వివరంగా ఉండాలి. నందిగామ, జగ్గయ్యపేట గ్రంథాలయాలకు ప్రతులు తనే తీసుకెళ్లి ఇచ్చి రావాలి, పోస్టులో పంపితే చాలదు.

ఆ తరవాత ఇంకో పని ఉంది. ‘ఫ్రెంచి స్వాతంత్ర్య విజయము’ను నేటి డిగ్రీ విద్యార్థికి అర్థమయ్యే టిప్పణులతో, సంవత్సరాల పట్టికతో మళ్లీ అచ్చు వేయాలి. ఆ పని ఈ అమ్మాయే పూనుకోవాలి. ప్రూఫులు నేను దిద్దిపెడతాను.

జగ్గయ్యపేట